‘పిక్ అప్’ ఎక్కడ ఎలా వాడాలి: పాల ప్యాకెట్ నుంచి పోలీసుల దాకా

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో లండన్ నుంచి మా టీమ్ లీడ్ ఒకాయన వారం రోజులు హైదరాబాద్ ఆఫీసుకి వచ్చాడు. ఒకరోజు సాయంత్రం చాట్‌లో నాకు ‘కెన్ ఐ పిక్ యూ అప్ ఆన్ సమ్‌థింగ్?’ అని మెసేజ్ పెట్టాడు. పిక్ యూ అప్ అన్నాడు కదా, కార్లో ఇంటి దగ్గర దింపుతానంటున్నాడు కాబోలు, ఎంత మంచి మనిషి అనుకుని ‘నో నీడ్ సర్, ఐ హ్యావ్ మై బైక్’ అని రిప్లై ఇచ్చా. రెండు నిమిషాల తర్వాత ఆయనే నవ్వుకుంటూ నా సీటు దగ్గరికి వచ్చి, నేను పంపిన రిపోర్టులో ఒక నంబర్ తప్పుందని చూపించాడు. ఆయన అడిగింది ‘నీ తప్పొకటి ఎత్తి చూపొచ్చా’ అని. కారు లేదు, లిఫ్టూ లేదు.

ఆ రోజు సిగ్గేసింది గానీ తర్వాత ఆలోచిస్తే భలే అనిపించింది, ఎందుకంటే మనమూ తప్పుని ‘ఎత్తి’ చూపుతాం, కింద పడ్డ పెన్ను కూడా ‘ఎత్తుతాం’, ఫోనూ ‘ఎత్తుతాం’. అంటే ఇంగ్లీషోడు పిక్ అప్‌తో చేసే పనుల్లో చాలావాటికి మన దగ్గర ఆల్రెడీ ఒక తెలుగు మాట రెడీగా ఉంది, మనం దాన్ని కలుపుకోకుండా డిక్షనరీ తీసి ఒకటో అర్థం రెండో అర్థం అని బట్టీ కొడతాం, అందుకే రెండో రోజుకి మర్చిపోతాం. ఈ గైడ్‌లో నేను చెప్పే పద్ధతి ఇదొక్కటే, పిక్ అప్ కనపడగానే ఇక్కడ తెలుగులో అయితే ఏ క్రియ వాడేవాణ్ణి అని అడుక్కోవడం.

ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్. ఇలా ఒక క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్ లాంటి తోక తగిలి అర్థం మారిపోయేవాటిని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఈ పేరు మరీ పాతదేమీ కాదు, లోగన్ పియర్సాల్ స్మిత్ అనే ఆయన 1925లో వచ్చిన తన పుస్తకంలో వాడాడు, ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఎడిటర్లలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్తే చెప్పుకున్నాడు. పేరు కొత్తదైనా ఆ అలవాటు మాత్రం ఇంగ్లీషులో ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లీషోళ్ళకి ఇదేం పిచ్చి అనుకోకండి, మనకీ ఉంది, ‘పడు’ తీసుకోండి, పడిపోయాడు వేరు, పడుకున్నాడు వేరు, పడేశాడు వేరు, పడ్డాడు అంటే ఆ అమ్మాయికి పడ్డాడు అని ఇంకోటి. తెలుగు నేర్చుకునేవాళ్ళు మనల్ని ఎంత తిట్టుకుంటారో.

అసలు గొడవ పిక్‌కీ పిక్ అప్‌కీ తేడా దగ్గరే మొదలవుతుంది. ఒట్టి పిక్ అంటే ఏరడం, ఎంచుకోవడం, కోయడం. బియ్యంలో రాళ్ళు ఏరితే పిక్, గుత్తిలోంచి పువ్వు కోస్తే పిక్, నాలుగు చీరల్లో ఒకటి ఎంచుకుంటే పిక్. మనోళ్ళు ‘హీ ఈజ్ నాట్ పికింగ్ మై కాల్’ అంటారు చూడండి, అది విన్నవాడికి నీ కాల్‌ని ఏరుకోవట్లేదు అన్నట్టు ఉంటుంది. అలాగే ‘పిక్ మీ ఎట్ ఎయిట్’ అంటే ఎనిమిదింటికి నన్ను సెలెక్ట్ చెయ్ అని. ‘పిక్ మీ అప్ ఎట్ ఎయిట్’ అనాలి. మన దేశంలో అప్ లేకపోయినా అర్థం చేసుకుంటారు, నేను కాదనట్లేదు, కానీ బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆ అప్ మింగెయ్యకండి. క్రికెట్ చూసేవాళ్ళకి ఇది ఇంకా ఈజీగా గుర్తుంటుంది. బ్యాటర్ గూగ్లీని కనిపెట్టలేకపోతే కామెంటేటర్ ‘హీ డిడ్ నాట్ పిక్ ఇట్’ అంటాడు, అక్కడ అప్ ఉండదు, ఏ బంతో పోల్చుకోలేకపోయాడు అని. బౌలర్ వికెట్ తీస్తే ‘పిక్స్ అప్ ఎ వికెట్’ అంటాడు, అక్కడ అప్ ఉంటుంది, ఖాతాలో వేసుకున్నాడు అని. ఒకే ఓవర్లో రెండూ వినపడతాయి.

ఇక పిక్ అప్ అర్థాలు ఒక్కోటి ఒక్కో ఇల్లు అనుకుంటే మొదటి ఇల్లు ‘ఎత్తడం’. కింద పడ్డది తీస్తే పిక్ అప్, ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుంటే పిక్ అప్, చెత్త ఎత్తితే పిక్ అప్. పాతకాలం ల్యాండ్‌లైన్‌కి రిసీవర్ అని ఒకటుండేది, దాన్ని చేత్తో ఎత్తితేనే మాట్లాడగలం, అక్కణ్ణించే ఫోన్ పిక్ అప్ చెయ్యడం వచ్చింది, గోడ ఫోన్లలో రిసీవర్ని కొక్కేనికి తిరిగి తగిలిస్తే కాల్ కట్ అయ్యేది కాబట్టి హ్యాంగ్ అప్ వచ్చింది. ఇప్పుడు ఎత్తేదీ లేదు తగిలించేదీ లేదు, స్క్రీన్ మీద వేలితో గీకడమే, అయినా మాట మాత్రం మిగిలింది. మనం ‘ఫోన్ లిఫ్ట్ చెయ్’ అంటాం, అది ఎత్తు అన్నదాన్ని యథాతథంగా ఇంగ్లీషులోకి దింపడం, మన దగ్గర తప్పేం లేదు కానీ అమెరికాలో ‘ప్లీజ్ లిఫ్ట్ ద ఫోన్’ అంటే బరువెత్తమంటున్నావా అన్నట్టు చూస్తారు. అక్కడ ‘పిక్ అప్’ అంటే చాలు, పక్కన ఫోన్ అని కూడా అనక్కర్లేదు, ‘ఐ కాల్డ్ త్రీ టైమ్స్, నోబడీ పిక్డ్ అప్’ అంతే.

పోలీసులు కూడా ఈ ఇంట్లోనే ఉంటారు. ‘ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్’ అంటే జీపులో ఇంటి దగ్గర దింపారని కాదు, ఎత్తుకెళ్ళారు అని, విచారణకి తీసుకుపోయారని. మన ఊళ్ళో కూడా ‘రాత్రి వాణ్ణి పోలీసులు ఎత్తుకెళ్ళారంట’ అనే అంటారు. కాకపోతే ‘లేపేశారు’ అనకండి, అది వేరే వార్త అయిపోతుంది.

మనిషిని బండిలో ఎక్కించుకుని తీసుకురావడం, ఇది అందరికీ తెలిసిందే. క్యాబ్ పికప్ పాయింట్, స్కూల్ బస్ పికప్, పెళ్ళికి స్టేషన్ నుంచి చుట్టాల పికప్. దీనికి జంటగా మనం ‘డ్రాప్’ వాడతాం, ఐ విల్ డ్రాప్ యూ అని. బయట ‘డ్రాప్ యూ ఆఫ్’ అంటారు, ఆఫ్ లేకపోతే కింద పడేస్తా అన్నట్టు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎక్కడ దింపుతారో చెప్తే పర్లేదు గానీ ఆఫ్ అలవాటు చేసుకోవడమే మేలు. అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రులకి ఇంకో సరదా ఉంది. స్కూలు ముందు మధ్యాహ్నం కార్లు వరసగా నిలబడే దాన్ని ‘పికప్ లైన్’ అంటారు, ‘ఐయామ్ ఇన్ ద పికప్ లైన్’ అంటే పిల్లల కోసం క్యూలో ఉన్నా అని. అదే ‘పికప్ లైన్’ అంటే ముక్కూ మొహం తెలియని అమ్మాయిని పడెయ్యడానికి కుర్రాడు కొట్టే డైలాగ్ కూడా. ‘హీ హ్యాజ్ ఎ ఫన్నీ పికప్ లైన్’ అంటే స్కూలు క్యూ గురించి కాదు. ఇక్కడే ఒక జాగ్రత్త, ‘హీ పిక్డ్ అప్ ఎ గర్ల్ ఎట్ ద బార్’ అంటే బార్ నుంచి చెల్లెల్ని ఇంటికి తెచ్చాడు అని ఎవరూ అనుకోరు. ఎయిర్‌పోర్ట్, స్టేషన్, స్కూల్ ఉంటే బండి, బార్, పార్టీ ఉంటే ఇంకో యవ్వారం. చోటుని బట్టి అర్థం పట్టుకోవాలి.

నాకు బాగా నచ్చింది ‘పట్టుకురా’ అర్థం. ‘కెన్ యూ పిక్ అప్ సమ్ మిల్క్ ఆన్ యువర్ వే హోమ్?’ అంటే పాలు ఎత్తమని కాదు, కొనుక్కురమ్మని, కానీ కొను అనే మాటే అందులో లేదు. మన ఇళ్ళల్లో ఎలా చెప్తారు? ‘వచ్చేటప్పుడు రెండు పాల ప్యాకెట్లు పట్టుకురా’ అంటారు. డబ్బులిచ్చి అని ఎవరూ చెప్పరు, దొంగతనం చేసి తెమ్మని ఎవరూ అర్థం చేసుకోరు కూడా. వేరే పని మీద వెళ్తూ దారిలో చేసేది, పెద్ద కొనుగోలు కానిది, అదే పిక్ అప్. అందుకే ‘ఐ పిక్డ్ అప్ ఎ ఫ్లాట్ ఇన్ కొండాపూర్’ అన్నారనుకోండి, ఫ్లాట్‌ని కూడా కొత్తిమీర కట్టలాగా కొన్నాడ్రా అని బిల్డప్ వినిపిస్తుంది. కొందరు కావాలనే అలా అంటారు, వాళ్ళ సంగతి వేరే. ఐపీఎల్ వేలంలో కూడా ఈ మాట తెగ వినపడుతుంది, 2023 డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌ని 20.50 కోట్లకి ‘పిక్డ్ అప్’, అంటే దక్కించుకుంది అని. అది పాల ప్యాకెట్ రేటేం కాదు గానీ మాట అదే.

ఆర్డర్ చేసింది మనమే వెళ్ళి తెచ్చుకున్నా పిక్ అప్పే. బిర్యానీ పార్సిల్, లాండ్రీ బట్టలు, మెడికల్ షాపులో మందులు, కొరియర్ ఆఫీసులో ప్యాకెట్. దీనికి బ్రిటన్‌లో ‘కలెక్ట్’ ఎక్కువ వినపడుతుంది, షాపు బోర్డుల మీద ‘క్లిక్ అండ్ కలెక్ట్’ అని ఉంటుంది, అమెరికాలో ‘పికప్’ అనే ఉంటుంది. రెండు చోట్లా రెండూ అర్థమవుతాయి, దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

ఇప్పుడు గ్రామర్, ఒక్కటే ఒక్కటి ఉంది, అది మాత్రం తప్పకూడదు. ‘పిక్ అప్ ద పార్సిల్’ అన్నా కరెక్టే, ‘పిక్ ద పార్సిల్ అప్’ అన్నా కరెక్టే. కానీ ఇట్, హిమ్, హర్, దెమ్, మీ లాంటివి వస్తే కచ్చితంగా మధ్యలోనే కూర్చోవాలి, ‘పిక్ ఇట్ అప్’, ‘పిక్ దెమ్ అప్’. ‘పిక్ అప్ ఇట్’ అంటే వెంటనే తెలిసిపోతుంది వీడు నేర్చుకుంటున్నాడని. దీన్ని నేను షేర్ ఆటోతో గుర్తుపెట్టుకున్నా. చిన్నపిల్లాడు ఎక్కితే ఇద్దరి మధ్యలో ఇరికిస్తారు, పెద్ద బియ్యం బస్తా ఎక్కితే మధ్యలో పెట్టరు కదా, వెనకాల పడేస్తారు. ఇట్, హిమ్ చిన్నపిల్లలు, మధ్యలో ఇరుక్కుంటారు. ‘నిన్న విజయవాడ నుంచి మా అత్తయ్య పంపిన ఆవకాయ పార్సిల్’ లాంటి బస్తా అయితే పిక్ అప్ రెండూ అయిపోయాక వెనక రావాలి, పిక్‌కీ అప్‌కీ మధ్యలో అంత బస్తా పెడితే వినేవాడు అప్ వచ్చేదాకా ఊపిరి బిగపట్టుకోవాలి. పార్సిల్, కిడ్స్, ఫోన్ లాంటి మీడియం సైజువి ఎటు కూర్చున్నా పర్లేదు.

దీనికి మినహాయింపు, తోక రెండు ముక్కలుగా ఉంటే ఆ చిన్నపిల్లాడు కూడా చివరికే పోతాడు. ‘పిక్ అప్ ఆన్ ఇట్’, ‘పిక్ అప్ ఆఫ్టర్ హిమ్’. మొదట్లో చెప్పిన ‘పిక్ యూ అప్ ఆన్ సమ్‌థింగ్’లో మాత్రం యూ మధ్యలో ఉంది చూశారా, అందుకే అది వేరే అర్థం. దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

తర్వాత ‘పట్టడం, అంటడం, వంటబట్టడం’. జలుబు పట్టింది, బస్సులో ఎవరిదో వైరస్ అంటుకుంది, ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్’, ‘షి పిక్డ్ అప్ సమ్ బగ్’. అలవాటు పట్టినా ఇదే, హాస్టల్లో సిగరెట్ అలవాటు పట్టింది, పిక్డ్ అప్ ద హ్యాబిట్. భాష వంటబట్టినా ఇదే. బెంగళూరులో మూడేళ్ళుంటే కన్నడం వస్తుంది, ఎవరూ క్లాసు చెప్పలేదు, కూరగాయల బండి దగ్గరా ఆటోవాడితో బేరం దగ్గరా అలా వచ్చేసింది, అది ‘ఐ పిక్డ్ అప్ కన్నడ’. ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టి చేరి గ్రామర్ పుస్తకం పెట్టుకుని నేర్చుకుంటే అది లర్న్, స్టడీ. అంటే మీరు ప్రయత్నం పెట్టకుండానే, దారిలో పోతుంటే ఒంటికి అంటుకొచ్చినట్టు వస్తేనే ఈ మాట. అందుకే ‘ఐ పిక్డ్ అప్ మై బీటెక్ ఇన్ కాకినాడ’ అని రాయకండి, నాలుగేళ్ళ బ్యాక్‌లాగ్‌ల కష్టం అంతా గాలికి పోతుంది. ఇంటర్వ్యూలో మాత్రం ‘ఐ పిక్ అప్ న్యూ టూల్స్ క్విక్లీ’ అనొచ్చు, బాగుంటుంది, ఆ ‘క్విక్ లర్నర్’ అని అందరూ రాసే ముక్క కంటే నయం. యాక్సెంట్ కూడా పిక్ అప్పే అవుతుంది, అమెరికా వెళ్ళిన ఆరు నెలలకే వాటర్‌ని వాడర్ అనే మన బావగార్లకి అంటుకునేది ఇదే.

‘పుంజుకోవడం’ దగ్గర మనకి అసలు నేర్చుకునే పనే లేదు, ఎందుకంటే తెలుగులోనే వాడేస్తున్నాం. బిజినెస్ పికప్ అయ్యింది, మొదటి రోజు టాక్ బాగోలేదు గానీ ఆదివారానికి సినిమా పికప్ అయ్యింది, వాడు టెన్త్‌లో డల్ గానీ ఇంటర్‌లో పికప్ అయ్యాడు. ఇంగ్లీషులో చెప్పాల్సొచ్చినప్పుడు మాత్రం చాలామంది ‘బిజినెస్ గాట్ పికప్’, ‘బిజినెస్ ఈజ్ పిక్డ్ అప్’ అంటారు, అది మన ‘అయ్యింది’ని లాక్కురావడం. ‘బిజినెస్ పిక్డ్ అప్’ అంటే చాలు, మధ్యలో ఏమీ అక్కర్లేదు, అదంతట అదే పుంజుకుంటుంది. గాలి పెరిగితే ‘ద విండ్ పిక్డ్ అప్’, రైలు స్పీడ్ అందుకుంటే ‘ద ట్రైన్ పిక్డ్ అప్ స్పీడ్’. చదువులో పుంజుకున్న కుర్రాడి గురించి చెప్పేటప్పుడు మాత్రం ‘హీ పిక్డ్ అప్’ అని వదిలేస్తే ఫోన్ ఎత్తాడేమో అనుకుంటారు, ‘హిజ్ మార్క్స్ పిక్డ్ అప్’ అనండి. బండికి పికప్ లేదు అనే మాట మనోళ్ళు కనిపెట్టిందే అని నేను చాన్నాళ్ళు అనుకున్నా, కాదు, కారు త్వరగా స్పీడందుకోవడాన్ని పికప్ అనడం అమెరికన్ డిక్షనరీల్లోనూ ఉంది. కాబట్టి పికప్ బాగుంది మైలేజీయే లేదు అని ధైర్యంగా చెప్పుకోవచ్చు. సామాను వేసుకుపోయే వెనక ఓపెన్ బండి కూడా పికప్పే, మన ఊళ్ళల్లో టమాటాలు మార్కెట్‌కి తెచ్చే బొలేరో పికప్ తెలియనివాళ్ళు ఎవరున్నారు.

ఇప్పుడు ఆఫీసు. ఇక్కడ పిక్ అప్ రోజుకి పదిసార్లు వినపడుతుంది, సగం సార్లు మనం అర్థమైనట్టు తలూపుతాం. భజనలో ఒకాయన పాట ఆపితే పక్కాయన అక్కణ్ణించి ‘అందుకుంటాడు’ కదా, సరిగ్గా అదే. ‘లెట్స్ పిక్ దిస్ అప్ టుమారో’ అంటే రేపు ఏదో తీసుకెళ్ళమని కాదు, ఇవాళ ఇక్కడ ఆపుదాం, రేపు ఇక్కణ్ణించే అందుకుందాం అని. ‘పిక్ అప్ వేర్ వీ లెఫ్ట్ ఆఫ్’ అంటే ఆపిన చోటి నుంచి. పదేళ్ళ తర్వాత కలిసిన ఇంటర్ ఫ్రెండ్స్ నిన్ననే విడిపోయినట్టు కబుర్లు మొదలుపెడితే దానికీ ఇదే మాట. ‘కెన్ యూ పిక్ అప్ దిస్ టికెట్?’ అంటే ఈ పని నువ్వు తీసుకో అని. ‘ఐ విల్ పిక్ ఇట్ అప్ విత్ హిమ్’ అని బ్రిటిష్ మేనేజర్ అంటే ఆ విషయం ఆయనతో నేను మాట్లాడతాలే అని, ఇక మీరు ఆ మెయిల్‌లో వేలు పెట్టకుండా ఊరుకోవచ్చు.

అదే ఆఫీసులో ఎవరో లీవ్ పెడితే ఆ పని మన మీద పడుతుంది, ‘పిక్ అప్ ద స్లాక్’. వాడు వదిలేసిన లూజు తాడుని మనం బిగించి లాగడం అన్నమాట. తెలుగులో నెత్తినేసుకోవడం. బిల్లు నెత్తినేసుకుంటే ‘పిక్ అప్ ద ట్యాబ్’, పదిమంది తిని ఒకడు కట్టడం. ఎవరూ రాని షిఫ్ట్ చేస్తే ‘పిక్ అప్ ఎ షిఫ్ట్’, అమెరికాలో చదువుకునే పిల్లలు క్యాంపస్ క్యాంటీన్‌లో ఈ మాట రోజూ వింటారు. అంతా చెడిపోయాక మిగిలింది సర్దుకుంటే ‘పిక్ అప్ ద పీసెస్’. ఒకళ్ళు పడేసిన గలీజు ఇంకొకళ్ళు ఎత్తితే ‘పిక్ అప్ ఆఫ్టర్’, అమెరికా పార్కుల్లో ‘పిక్ అప్ ఆఫ్టర్ యువర్ డాగ్’ అని బోర్డులుంటాయి, కుక్క వెనకాల ఏదో ఎత్తాలి, ఏమిటో మీకు తెలుసు. ఆ బోర్డు ఇంట్లో కూడా పెట్టుకోవచ్చు, డాగ్ తీసేసి మొగుడి పేరు రాసి.

‘పసిగట్టడం’ చివరికి ఉంచా, ఇది కొంచెం రుచిగా ఉంటుంది కాబట్టి. పసి అంటే వాసన, పసిగట్టడం అంటే వాసన పట్టడం. పోలీసు కుక్క వాసన పట్టి పరిగెత్తితే ఇంగ్లీషులో ‘ద డాగ్ పిక్డ్ అప్ ద సెంట్’. రేడియో సిగ్నల్ పట్టినా, మైకు పక్క గదిలో మిక్సీ చప్పుడు పట్టినా ఇదే, వర్క్ ఫ్రమ్ హోమ్‌లో అందరికీ అనుభవమే, మనం మాట్లాడేది వినపడదు గానీ ఇడ్లీ పిండి రుబ్బేది మాత్రం క్లయింట్ దాకా పోతుంది. అదే మనుషుల మూడ్, చిన్న హింట్, గొంతులో తేడా లాంటివాటికి వచ్చేసరికి పక్కన ‘ఆన్’ చేరుతుంది, ‘షి పిక్డ్ అప్ ఆన్ హిజ్ మూడ్’, అతను చెప్పకుండానే పసిగట్టేసింది. అమ్మలకి ఇది పుట్టుకతో వస్తుంది, ఫోన్‌లో హలో అన్న తీరుని బట్టే అన్నం తిన్నావా లేదా తేల్చేస్తారు.

ఆ ఆన్ ఉన్నప్పుడు మధ్యలో మనిషి ఉన్నాడా లేదా చూసుకోవాలి. మనిషి లేకపోతే పసిగట్టడం. మనిషి మధ్యలో ఇరుక్కుని ఉంటే, ‘పిక్ హిమ్ అప్ ఆన్ హిజ్ స్పెల్లింగ్’, అది తప్పు ఎత్తి చూపడం, ఎక్కువగా బ్రిటిష్ వాళ్ళు వాడతారు. నా బైక్ కథ ఇదే. అప్ లేకుండా ‘పిక్ ఆన్ హిమ్’ అంటే ఇంకోటి, వాణ్ణే పనిగట్టుకుని ఏడిపించడం. క్లాసులో టీచర్ నన్నే పట్టుకుని సతాయిస్తున్నాడు అనాలంటే ‘హీ ఈజ్ పికింగ్ ఆన్ మీ’. ‘పిక్ అవుట్’ అంటే గుంపులోంచి గుర్తుపట్టి ఏరడం. ఇవన్నీ చుట్టాలే గానీ వేరు కాపురాలు, ఇవాళ వాటి జోలికి పోవద్దు.

టీ, కాఫీ తాగితే ఒంట్లోకి ఓపిక వస్తుంది కదా, అలా లేపి కూర్చోబెట్టేదాన్ని ‘పిక్ మీ అప్’ అంటారు, మధ్యలో చిన్న గీతలు పెట్టి ఒకే మాటలాగా రాస్తారు. నాలుగింటి ఇరానీ చాయ్ హైదరాబాద్‌కి పిక్ మీ అప్. సరదాగా ఒకటి, తిరమిసు అనే ఇటాలియన్ స్వీట్ పేరుకి కూడా అర్థం అదే, నన్ను పైకి లాగు అని, అందులో కాఫీ ఉంటుంది మరి.

పలకడం గురించి రెండు మాటలు. క్రియగా వాడినప్పుడు నొక్కు అప్ మీద ఎక్కువ పడుతుంది, పిక్ అప్. పేరుగా, అంటే నౌన్‌గా వాడినప్పుడు పిక్ మీద పడుతుంది, పికప్. రాసేటప్పుడు కూడా క్రియ అయితే రెండు మాటలు విడివిడిగా, పేరు అయితే కలిపి. మెయిల్‌లో ‘ఐ విల్ పికప్ యూ’ అని కలిపేసి రాస్తే రెండు తప్పులు, విడదీయాలి, యూ మధ్యలోకి రావాలి. ఇంకోటి, గడిచిన కాలంలో చాలామంది పిక్కెడ్ అప్ అని డ్‌ని సాగదీసి పలుకుతారు, నేనూ పైన పిక్డ్ అని రాసుకుంటూ వచ్చా గానీ నోట్లో మాత్రం అది ట్‌లాగా పలికి పక్కదానికి అతుక్కుంటుంది, పిక్టప్. గట్టిగా నాలుగుసార్లు అనుకోండి, పిక్టప్, పిక్టప్, వచ్చేస్తుంది.

ప్రాక్టీస్ ఎలా అంటారా, నేను చేసింది చెప్తా. ఒక వారం మొత్తం ఈ ఒక్క మాటనే పట్టుకున్నా. సిరీస్ చూస్తున్నా మెయిల్ చదువుతున్నా మ్యాచ్ కామెంటరీ వింటున్నా పిక్ అప్ వినపడితే ఫోన్ నోట్స్‌లో ఆ వాక్యం రాసి పక్కన తెలుగు క్రియ ఒక్కటి రాసేవాణ్ణి, ఎత్తు, పట్టుకురా, పట్టింది, పుంజుకుంది, అందుకో, నెత్తినేసుకో, పసిగట్టు. అర్థం కాకపోతే పిక్ అప్ తర్వాత ఏముందో చూసేవాణ్ణి. ఏమీ లేకపోతే ఫోన్ ఎత్తడమో పుంజుకోవడమో, మనిషి ఉంటే బండో పోలీసులో బారో, రోగమో భాషో అలవాటో ఉంటే పట్టడం, ఆన్ ఉంటే పసిగట్టడం. వారం అయ్యేసరికి నలభై దాకా వాక్యాలు పోగయ్యాయి, ఈ ఏడు క్రియల్లో ఒకదాంట్లో దూరనివి రెండో మూడో. ఇంకో పది రోజులు రోజుకొక వాక్యం సొంతంగా రాసి ఎవరికో ఒకరికి మెసేజ్‌లో నిజంగానే పంపేవాణ్ణి, పుస్తకంలో రాసుకుంటే గుర్తుండదు, మా ఆవిడకి ‘ప్లీజ్ పిక్ అప్ సమ్ కరివేపాకు’ అని పంపిన రోజు మాత్రం కరివేపాకు వచ్చింది, దాంతో పాటు ఒక చూపు కూడా వచ్చింది.

పోయే ముందు ఒక వాక్యం ఇస్తా, తెలుగులో చెప్పుకోండి. ‘షి పిక్డ్ అప్ ఎ కోల్డ్ వైల్ పికింగ్ అప్ ద కిడ్స్, అండ్ నౌ షి ఈజ్ నాట్ పికింగ్ అప్.’ మూడు పిక్ అప్‌లు, మూడు వేర్వేరు క్రియలు. పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకొచ్చేటప్పుడు జలుబు పట్టుకుంది, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు.